మూడో వరుస

మొగపాలెం,
జూలై 9

ప్రియమైన మౌనికకు,

నీ ఫోను మూడు నెలలుగా పలకడం లేదు. మీ అమ్మగారి నంబరుకు చేస్తే "అది ఎవలితోటీ మాటాడదమ్మా, ఏటైనా ఉంటే రాసి పంపు" అన్నారు. అందుకే ఈ ఉత్తరం. ట్రైనింగ్ హాస్టల్లో రెండేళ్లు ఒకే గదిలో పడుకున్నవాళ్లం, మనిద్దరి మధ్య ఉత్తరాలు నడుస్తాయని ఎప్పుడూ అనుకోలేదు. చేతిరాత చూసి తిట్టుకోకు. నా రికార్డులు సగం నువ్వే రాసిపెట్టినదానివి.

బదిలీల్లో నన్ను నీ బడికే వేశారు. జూన్‌లో చేరాను. మార్చిలో జరిగింది నాకు పేపర్లో చదివినంత వరకే తెలుసు. పొద్దున్నే పిల్లల్ని తాబేటి పిల్లలు చూడ్డానికి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లావనీ, అందరూ ఊళ్లోకి తిరిగొచ్చాక మూడో తరగతి తవిటమ్మ ఒక్కతే మళ్లీ అటు పోయి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మునిగిపోయిందనీ. దాని గురించి నేను అడగను. చెప్పాలనిపించిన రోజున నువ్వే చెప్పు.

ఇప్పుడు నాకు కావలసింది వేరే. ఆ పిల్లలు ఇప్పుడు నాలుగుకు వచ్చారు. మూడు వందల ఐదు రాయమంటే సగం మంది 3005 అని రాస్తున్నారు. మూడు వందలు విని 300 వేస్తారు, ఐదు విని పక్కన 5 తగిలిస్తారు. ఎన్నిసార్లు దిద్దినా మర్నాటికి మామూలే. బీరువాలో నీ కొబ్బరి ఈనెల కట్టలు దొరికాయి. రబ్బరు బ్యాండ్లు ఎండిపోయి, ముట్టుకుంటే తెగిపోయాయి. వాటితో ఏం చేయించేదానివి? ఒక పిల్లని పదేసి కట్టమంటే నాలుగేసి కట్టింది. అదేంటే అంటే, "మా మామ్మ ఎండుసేపలు పుంజీల్లోనే నెక్కెడతాదండి, పుంజీ అంటే నాలుగండి" అని నాకే పాఠం చెప్పింది.

జవాబు రాయి. రెండు ముక్కలైనా చాలు.

నీ
కామాక్షి


టెక్కలి,
జూలై 21

కామాక్షీ,

ఉత్తరం అందింది.

305కి ఇలా చెయ్యి. నేల మీద సుద్దతో మూడు గళ్లు గీయి. వందలు, పదులు, ఒకట్లు. వంద ఈనెల కట్టలు మూడు వందల గడిలో పెట్టించు. విడి ఈనెలు అయిదు ఒకట్ల గడిలో. మధ్య గడి ఖాళీగా ఉంటుంది. అక్కడ ఆగు. ఆ ఖాళీ గడిని పిల్లల చేత్తోనే తడిమించు. "ఇందులో ఎన్ని ఉన్నాయి?" అని అడుగు. ఏం లేవంటారు. "ఏం లేవని ఎలా రాస్తారు?" అని అడుగు. సున్నా అన్న మాట నువ్వు చెప్పకు. రెండు రోజులు పట్టినా వాళ్లే చెప్పాలి. ఒక గడిలో ఒక అంకే పడుతుందని చేతికి తెలిస్తే ఇంక 3005 రాయరు.

పుంజీలు కట్టిన పిల్లని తప్పు పట్టకు. రెండు పుంజీల మీద ఇంకో రెండు ఈనెలు వేసి కట్టమను. పది అవుతుంది. ఆ పిల్ల జ్యోత్స్న అయి ఉంటుంది.

అమ్మ బాగానే ఉంది. ఆదివారాలు చర్చికి తనొక్కతే వెళ్తోంది.

మౌనిక


మొగపాలెం,
ఆగస్టు 13

మౌనికా,

నీ ఉత్తరం చదివి మొదట మనసు చిన్నబోయింది. బాగున్నావా అన్న మాటైనా లేదు. తర్వాత ఆ గళ్లు గీసి చూశాక కోపం పోయింది. నువ్వన్నట్టే రెండో రోజున వచ్చింది. ఖాళీ గడిలో చెయ్యి పెట్టి జ్యోత్స్న చాలాసేపు అలాగే కూర్చుంది. "ఏటీ నేదని సెప్పడానికి ఏటో ఒకటి ఎట్టాల గదండి" అంది. పెట్టు మరి అన్నాను. సున్నా చుట్టింది. ఆ పూట తరగతంతా సున్నాలే. ఇప్పుడు 4070 ఇచ్చినా, 6008 ఇచ్చినా తడబడడం లేదు. నువ్వు ఈ బడిలో ఉండవలసినదానివి మౌనికా. నేను వచ్చి నీ కుర్చీలో కూర్చున్నానని రోజూ అనిపిస్తుంది.

నిన్న ఇంకో చిక్కు వచ్చింది. తర్వాతి పాఠం, సంఖ్యలను దగ్గరి పదికి సవరించడం. 47 రాసి, "ఇది నలభైకి దగ్గరా, యాభైకి దగ్గరా?" అని అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. రోజూ నా చెవులు చిల్లులు పడేలా అరిచే పిల్లలు! ఇంకా సులువైనది ఇద్దామని 29 రాశాను. "సుమారుగా ఎంత అనుకోవచ్చు?" అన్నాను. జ్యోత్స్న పుస్తకం మూసేసి తల బల్ల మీద పెట్టేసింది. చివరికి పృథ్వీ లేచి చేతులు కట్టుకుని, "సుమారు వద్దండి టీచరమ్మా. ఉన్నదున్నట్టు నెక్కెడదామండి" అన్నాడు. మిగతా వాళ్లంతా తలలూపారు. నాకేం అర్థం కాలేదు. 

ఈ పాఠం నువ్వు వాళ్లకి మూడో తరగతిలోనే కొంత చెప్పావట కదా. ఎలా చెప్పావు?

కామాక్షి


టెక్కలి,
ఆగస్టు 22

కామాక్షీ,

ఆ పాఠం ఈ ఏడాదికి వదిలెయ్యి. పరీక్షలో రెండు మార్కులకు మించి రాదు.

నువ్వు అడగలేదు. అయినా రాస్తున్నాను. ఆ రోజు పిల్లల్ని వరుసలు కట్టించి లెక్కపెట్టాను. వెళ్లేటప్పుడు ఇరవై తొమ్మిది మంది. వచ్చేటప్పుడు ఇరవై తొమ్మిది మంది. ఊరి మొదట్లో వదిలితే, తిని బడికొస్తామని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. విచారణకు వచ్చినవాళ్లకు అదే చెప్పాను, అదే రాసిచ్చాను. నా తప్పేమీ లేదని ఈ నెల మొదట్లో కాగితం వచ్చింది. మళ్లీ ఉద్యోగంలో చేరమన్నారు. చేరాలి.

పిల్లలు ఏవేవో అంటారు. చిన్నవాళ్లు. పట్టించుకోకు.

మౌనిక


పలాస,
సెప్టెంబరు 15

మౌనికా,

ఆదివారం కదా, ఇంటికి వచ్చాను. ఇది నీకు రాయాలా వద్దా అని పొద్దుట్నుంచీ కొట్టుకుంటున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా వీధి వెనక జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు ఉండే పెంకుటిళ్ల వరుస ఉంది. కుళాయి దగ్గర మా వదినతో మొగపాలెం బడి కబుర్లు చెబుతుంటే, బిందె కింద పెట్టి ఒకామె నా దగ్గరికి వచ్చింది. "ఆ బడి టీచరమ్మవా?" అంది. అవునన్నాను. "మా గుంట ఆ బళ్లోనే సదివీదమ్మా" అంది. తవిటమ్మ తల్లి, కాసులమ్మ.

ఊళ్లో ఆమె గురించి ఎవరూ మాట్లాడరు. పుట్టింటికి పోయిందంటారు, అంతే. నిజానికి జూన్ నుంచీ ఇక్కడే ఒక్కతే ఉంటోంది. జీడిపిక్కల నూనెకి వేళ్లన్నీ నల్లగా కాలిపోయి ఉన్నాయి. ఆ రోజు ఆమె తెల్లారకుండానే ఎండుచేపల గంప పట్టుకుని సంతకు వెళ్లిందట. భర్త అప్పన్న వేటలో ఉన్నాడు. పిల్లని బడికి పంపి, ఇంటి తలుపుకి గొళ్లెం పెట్టి వెళ్లింది. పిల్ల ఒడ్డునుంచి అందరితో పాటు వచ్చి, ఇంట్లో ఎవరూ లేక, ఆకలికి మళ్లీ ఒడ్డుకే పోయిందని అత్తగారు తేల్చేసింది. ఊరు కూడా అదే అనుకుంది. అప్పన్న పడవ దిగి విన్న మొదటి మాట అదేనట. "నువ్వు ఇంటికాడ ఉంటే గుంట బతికుండేది" అని రోజూ అనేవాడట. చివరికి, నీ మొకం చూడలేనని అన్నాడట.

ఆమె మాటలే రాస్తున్నాను. "దానికి ముందు ఇద్దరు పోనారమ్మా. ఇది దక్కాలని సేటడు తవుడుకి పక్కింటోలికి ఇచ్చి మల్లా తెచ్చుకున్నాను. తవిటమ్మని పేరెట్టినాను. దక్కినాదనుకున్నాను. ఆ దినం తలుపు కొట్టుంటాదమ్మా. గొళ్లెం దానికి అందదు. ఎన్నిసార్లు కొట్టినాదో, ఏటని పిలిసినాదో. లోన సద్దన్నం గిన్నె ఉంది, మూతెట్టి ఎల్లినాను. పొద్దున లెగిత్తే ఆ సప్పుడే నాకు. పని కాడ పిక్కలు కొడతంటే అదే సప్పుడు."

ఆ తర్వాత, "గుంట ఇంటికొచ్చినట్టు ఎవలైనా సూసినారా అమ్మా? నువ్వడిగి సెప్పగలవా?" అంది. ఆర్నెల్లుగా అందరినీ అడుగుతోందట. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా టీచరు లెక్కపెట్టి తెచ్చింది కాబట్టి వచ్చే ఉంటుందని అందరూ అంటున్నారట.

నీకేమైనా తెలుసా మౌనికా? ఊరి మొదట్లో వదిలాక పిల్ల ఎటు వెళ్లిందో చూశావా?

కామాక్షి


టెక్కలి,
సెప్టెంబరు 29

కామాక్షీ,

నీ ఉత్తరం అందింది. కాసులమ్మ తిండి తింటోందా? ఆ వేళ్లకి కొబ్బరినూనె రాసుకోమను. నేను చెప్పానని చెప్పకు.

ఒంట్లో బాగులేదు. ఎక్కువ రాయలేను.

మౌనిక


మొగపాలెం,
అక్టోబరు 20

మౌనికా,

దసరా సెలవుల తర్వాత బడి తెరిచాం. ఈసారి నిన్ను సూటిగా ఒక మాట అడుగుతున్నాను. సూటిగానే జవాబివ్వు.

పిల్లల్ని మైదానంలో వరుసలు కట్టిస్తున్నాను, ఎత్తు కొలిచేందుకు. జ్యోత్స్న మూడో వరుసలోకి రానంది. బతిమాలాను, గదిమాను. ఏడుపు అందుకుంది. పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టాను. ఏడుపు తగ్గాక చెప్పింది.

"తవిటమ్మా నానూ సెయ్యి పట్టుకుని నిలబడతామండి. ఆ దినం వచ్చినప్పుడు అది నా పక్కన నేదండి."

"ఊళ్లోకి వచ్చాకా?"

"కాదండి. ఒడ్డు కాడే. వరసలో నేదండి. సెప్దామని సెయ్యెత్తినాను. టీచరమ్మ అటు తిరిగి తొమ్మిది అన్నాదండి. టీచరమ్మ నెక్కెట్టినాక తప్పవదు గదండి. ఎనకాల ఎక్కడో ఉందనుకున్నాను."

"ఇది ఎవరికైనా చెప్పావా?"

"నేదండి. టీచరమ్మ తొమ్మిది అన్నాది గదండి."

తొమ్మిదేళ్ల పిల్ల. ఏడు నెలలుగా తన కళ్లే తప్పు చూశాయని అనుకుంటోంది. ఒకవేళ తప్పు కాకపోతే, తను నోరు తెరవకపోవడం వల్లే నేస్తం పోయిందని అనుకుంటోంది. ఈ రెండింటి మధ్యా నలిగిపోతోంది.

పిల్లలు కల్పించుకుంటారు, నాకు తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్నాను. మూడో వరుస నువ్వు లెక్కపెట్టావా?

కామాక్షి


టెక్కలి,
నవంబరు 5

కామాక్షీ,

లెక్కపెట్టలేదు.

ఈ ఒక్క మాట రాయడానికి పదిహేను రోజులు పట్టింది. ఇంక మిగతాది రాయగలను.

ఆ ఉదయం అంతా బాగా జరిగింది. గుడ్లు కాపలా కాసే అతను తాబేటి పిల్లల్ని తట్టల్లో తెచ్చాడు. పిల్లల చేత పదేసి చొప్పున లెక్కపెట్టించాను. నూట పదమూడు. దగ్గరి పదికి సవరిస్తే ఎంత, దగ్గరి వందకి సవరిస్తే ఎంత అని అక్కడే ఇసుకలో రాయించాను. పుస్తకం అక్కర్లేకుండా పాఠం వచ్చేసిందని నాకు ఎంత సంతోషమో. తాబేటి పిల్లలన్నీ నీళ్లలోకి వెళ్లిపోయాక ఇంటికి బయల్దేరాం. మూడు వరుసలు. మొదటి వరుసలో ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి లెక్కపెట్టాను, పది. రెండో వరుస కూడా అలాగే, పది. ఈలోగా ఆ కాపలా అతను పుస్తకంలో సంతకం చెయ్యమని పిలిచాడు. టైము చూసుకుంటే ఏడున్నర దాటింది. మూడో వరుస వైపు తల తిప్పి చూశాను. మూడో వరుస ఎప్పుడూ తొమ్మిదే. "రెండు పదులూ తొమ్మిదీ. సుమారు ముప్పై. పదండి!" అన్నాను. పిల్లలు నవ్వారు. అప్పుడే చెప్పిన పాఠం కదా. ఎవరో చెయ్యెత్తినట్టు గుర్తు. దాహం అంటారేమో, ఊళ్లోకి వెళ్లాక చూద్దామనుకున్నాను.

తొమ్మిదింటికి హాజరు తీసుకున్నాను. తవిటమ్మ పలకలేదు. రాలేదని గుర్తు పెడుతుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంటి దగ్గర ఉండిపోయి ఉంటుంది, అలిసిపోయిందేమో అనుకుని తర్వాతి పేరు పిలిచాను. పదకొండున్నరకి వలలవాళ్లు కేకలు వేసుకుంటూ వచ్చారు.

"ఎంతమందిని వెనక్కి తెచ్చారు?" అని మొదటిసారి ఎవరో అడిగినప్పుడు ఇరవై తొమ్మిది అన్నాను. అది అబద్ధమని కూడా నాకప్పుడు తెలియదు. అలవాటుగా నోట్లోంచి వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఒక్కొక్క ముఖం గుర్తు చేసుకుంటూ కూర్చుంటే మూడో వరుసలో ఒక ముఖం దొరకలేదు. అప్పుడు తెలిసింది. రెండోసారి విచారణలో అడిగినప్పుడు భయంతో చెప్పాను. మూడోసారి రాసి సంతకం పెట్టాను.

నేనలా అనడం వల్ల ఇంకెవరికీ ఏమీ కాదనుకున్నాను కామాక్షీ. పిల్ల పోనే పోయింది, నిజం చెబితే తిరిగి రాదు కదా అని నన్ను నేను సమాధానపరుచుకున్నాను. ఆ మాట వెనక ఒక తల్లి గొళ్లెం పెట్టిన తలుపు చప్పుడు వింటూ కూర్చుందని నీ ఉత్తరం వచ్చేవరకు నాకు తెలియదు. తెలిశాక కూడా నెలన్నర ఊరుకున్నాను. ఇది ఇంకా పెద్ద తప్పు.

పిల్ల ఇంటికి వెళ్లలేదు. ఊళ్లోకే రాలేదు. తలుపు కొట్టలేదు.

ఏం చెయ్యమంటావో చెప్పు.

మౌనిక


మొగపాలెం,
నవంబరు 12

మౌనికా,

నీ ఉత్తరం మూడు రోజులు బీరువాలో పెట్టి తాళం వేశాను. నిన్ను ఓదార్చాలని రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. నాకు కోపంగా ఉంది. లెక్క తప్పడం మీద కాదు. రేపు నేనూ తప్పవచ్చు, ఆ భయంతో ఇప్పుడు మరుగుదొడ్డికి వెళ్లొచ్చిన పిల్లల్ని కూడా లెక్కపెడుతున్నాను. ఆ తర్వాత నువ్వు పెట్టిన సంతకం మీద నా కోపం.

ఏం చెయ్యాలో నీకు తెలుసు. నన్ను అడక్కు. కాసులమ్మకు నేను చెప్పను, అది నీ నోటితోనే వినాలి. పలాస వెళ్లి, "ఆ రోజు సంగతి మౌనిక టీచరు నీకు చెప్పాలంటోంది" అని మాత్రం అన్నాను.  "రావద్దను. మొకం సూత్తే నాకు మాట ఇనబడదు. రాసి పంపమను, నువ్వు సదువు" అంది.

జ్యోత్స్నకు మాత్రం ఆగలేక చెప్పాను, "నువ్వు చూసిందే నిజం" అని. "అయితే టీచరమ్మ తప్పు నెక్కెట్టినాదా?" అంది. అవునన్నాను. తల ఊపి వెళ్లింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి, "మరి నాను గట్టిగా సెప్పుంటే?" అంది.  దీనికి జవాబు నువ్వే రాసి పంపు.

కామాక్షి


టెక్కలి,
నవంబరు 28

కామాక్షీ,

ఆఫీసుకు వెళ్లి రాసిచ్చాను. మూడో వరుస లెక్కపెట్టలేదనీ, విచారణలో అబద్ధం చెప్పాననీ. తీసుకున్న గుమాస్తా రెండుసార్లు చదివి, గొంతు తగ్గించి, "ఫైలు మూసేశారు కదమ్మా. ఇప్పుడెందుకు ఇది? ఇంటికి తీసుకుపొండి" అన్నాడు. మంచివాడే. స్టాంపు వేసే వరకు అక్కడే నిలబడ్డాను. నిన్న ఉత్తర్వు వచ్చింది. సస్పెన్షన్, మళ్లీ విచారణ. పోలీసులు కూడా పిలవవచ్చన్నారు.

అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. "ప్రార్థనలో సెప్పుకున్నావు. దేవుడు ఇన్నాడు. మనుసులకి కూడా ఏటికి?" అంది. "కాసులమ్మకి దేవుడు చెప్పలేదు కదమ్మా" అన్నాను.  మర్నాడు ఆఫీసుకు వెళ్తుంటే చెప్పులు వేసుకుని తనూ బయల్దేరింది. బయట గోడ దగ్గర కూర్చుని ఉంది, నేను వచ్చే వరకు.

కాసులమ్మగారి ఉత్తరం విడిగా కవరులో పెట్టాను. నీ దగ్గర దాచాల్సిందేమీ లేదు, చదివే ఇవ్వు. ఈ చిన్న కాగితం జ్యోత్స్నది:

"జ్యోత్స్నా, నువ్వు చూసింది నిజం. నేను సరిగా చూడలేదు. నువ్వు చెయ్యెత్తావు. పిల్ల చెయ్యెత్తితే ఆగి వినడం టీచరు పని. నేను ఆగలేదు. నీ తప్పు ఏమీ లేదు. ఈ కాగితం దాచుకో, పెద్దయ్యాక మళ్లీ చదువుకో. టీచరు చెప్పినా, ఎవరు చెప్పినా, నీ కళ్లు చూసింది గట్టిగా చెప్పు. మౌనిక టీచరు."

మౌనిక


పలాస,
డిసెంబరు 14

మౌనికా,

నీ ఉత్తరం కాసులమ్మకు చదివాను. గుమ్మంలో పీట మీద కూర్చుని, మోకాళ్ల చుట్టూ చేతులు బిగించుకుని విన్నది. అయిపోయాక మళ్లీ చదవమంది. రెండోసారి మధ్యలో ఆపింది.

"ఇంటికి రానేదా?"

"రాలేదు."

"తలుపు కొట్టనేదా?"

"లేదు కాసులమ్మా. ఊళ్లోకే రాలేదు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. "అయితే ఆ టీచరు తొమ్మిది నెల్లు నా సేత ఆ సప్పుడు ఎందుకు ఇనిపించినాదమ్మా?" అంది. 

మొగపాలెంలో అందరికీ తెలిసింది. కొందరు నిన్ను తిట్టారు, కొందరు కాసులమ్మ అత్తగారి వైపు చూడడం మానేశారు. గురువారం అప్పన్న పలాస వచ్చాడు. మా వదిన చూసింది. కాసులమ్మ గుమ్మం బయటే కూర్చున్నాడట. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది కానీ లోపలికి రమ్మనలేదు. "ఇంటికి పోదాం రాయే" అన్నాడట. "నానే సెప్పినాను నీకు, గుంట ఇంటికొచ్చినట్టు ఎవలూ సూడనేదని. నా మాట ఇన్నావా? టీచరు రాసిత్తే ఇన్నావు" అని చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అతను మధ్యాహ్నం బస్సుకి తిరిగి వెళ్లిపోయాడు.

జ్యోత్స్న నీ కాగితం లెక్కల పుస్తకం అట్ట లోపల పెట్టుకుంది. మర్నాడు మూడో వరుసలో నిలబడింది. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడింది. జరగమని నేను అనలేదు.

నీ విచారణ సంగతి రాస్తూ ఉండు. నాకు కోపం పోలేదు. కానీ రాస్తూ ఉండు.

కామాక్షి


పలాస,
జనవరి 6

మౌనిక టీచరమ్మకి,

కాసులమ్మ రాయిత్తన్నాను. కామాక్షి టీచరమ్మ రాత్తంది. నాను సెప్పింది సెప్పినట్టు రాయమన్నాను.

నువ్వు నిజం సెప్పినావు. ఆలీసంగా సెప్పినావు. నీ మీద కోపం నేదని అనను. ఉంది. నిన్ను సమించినానని రాయిత్తే నీకు బాగుంటాది, కానీ నాకు తెల్దు. ఉద్దోగం తీసేత్తారంట గదా. తీసేసినా నాకేటొత్తాది? జైల్లో ఎట్టినా నాకేటొత్తాది?

తలుపు సప్పుడు తగ్గింది. అది మాత్రం సెప్పాల.

ఒక్క మాట అడగాలని ఇది రాయిత్తన్నాను. ఆ దినం నా గుంటని ఆకర్న సూసింది నువ్వే. దాన్ని నీళ్లలోంచి తెచ్చినోలు నాకు సెప్పినారు, ఎలా ఉందో. అది నాకొద్దు. అంతకు ముందు సంగతి కావాల. పొద్దున ఏటేటి సేసినాది? ఏటైనా తిన్నాదా? ఏడిసినాదా, నవ్వినాదా? ఎవలూ సెప్పనేదు. నువ్వు సూసింది నువ్వు రాయి. నీ బాద రాయకు, దాని సంగతి రాయి.

కాసులమ్మ


టెక్కలి,
జనవరి 25

కాసులమ్మగారికి,

మీరు అడిగింది మాత్రమే రాస్తాను.

ఆ రోజు అందరికంటే ముందు వచ్చింది తవిటమ్మే. నేను వెళ్లేసరికి బడి అరుగు మీద కూర్చుని ఉంది. ఒక జడకే రిబ్బను ఉంది, రెండోది దొరకలేదంది. నా సంచిలో తాడు ముక్క ఉంటే అది కట్టాను. "ఇదే బాగుందండి" అని ఉన్న ఆ ఒక్క రిబ్బను కూడా విప్పేసి జేబులో పెట్టుకుంది. దానికి కూడా తాడే కట్టమంది. కట్టాను.

దారంతా జ్యోత్స్న చెయ్యి పట్టుకుని నడిచింది. తిన్నదా అని అడిగారు. తిన్నది. ఒడ్డు మీద పిల్లలకి ఉడకబెట్టిన వేరుశనగకాయలు పంచాం. తన వాటా తిని, పృథ్వీ వద్దన్నవి కూడా తీసుకుంది. తొక్కలు ఇసుకలో వెయ్యకుండా గౌను ఒళ్లో పోగేసుకుంది. ఆకలితో లేదు. ఈ మాట నేను కళ్లారా చూసి రాస్తున్నాను.

తాబేటి పిల్లల్ని లెక్కపెట్టేటప్పుడు తనకిచ్చిన తట్టలో పదీ లెక్కపెట్టి, ఒక్కొక్కదానికీ పేరు పెట్టింది. ఒకదానికి మీ పేరు పెట్టింది. అది మిగతా వాటికంటే చురుకుగా పాకుతోందని అందరికీ చూపించింది. ఏడవలేదు. ఒక్కసారి కూడా ఏడవలేదు.

వెనక ఎందుకు ఆగిపోయిందో, ఏం చూసి మొగ వైపు వెళ్లిందో నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

చివర చూసింది ఇది. అన్నిటినీ నీళ్లవైపు వదిలాక, తడి ఇసుకలో కాళ్లు బారచాపి కూర్చుంది. వెనకబడిన తాబేటి పిల్ల ఒకటి తవిటమ్మ పాదం ఎక్కి, అవతలికి దిగింది. "టీచరమ్మా, సక్కిలిగింత పెడతందండి!" అని పెద్దగా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. "లే, పోదాం" అన్నాను.

"వత్తన్నానండి" అంది.

వస్తోంది కదా అని నేను ముందుకు తిరిగాను.

మౌనిక